పొగకు పద్దు పుస్తకం

2011 జనవరి 18న ప్రాగ్ నగరంలో ఒక ఆఫీసుకు బాంబు బెదిరింపు వచ్చింది. ఉద్యోగులను బయటికి పంపి పోలీసులు గదులన్నీ వెతికారు. బాంబు లేదు. మర్నాడు ఒక కంపెనీ వాళ్లు తమ ఖాతా తెరిచి చూసుకుంటే అందులో ఉండాల్సిన 4,75,000 కాలుష్య పర్మిట్లు, అంటే ఒక్కోటి ఒక్కో టన్ను పొగ వదలడానికి అనుమతి, లేవు. అప్పటి ధరలో దాదాపు 70 లక్షల యూరోలు. బెదిరింపు వచ్చిన ఆ ఆఫీసే చెక్ దేశపు కార్బన్ పర్మిట్ల రిజిస్ట్రీని, అంటే ఎవరి ఖాతాలో ఎన్ని ఉన్నాయో రాసే పుస్తకాన్ని, నడిపేది. చెక్ ఒక్కటే కాదు, ఇంకొన్ని దేశాల రిజిస్ట్రీలకూ దొంగల బెడద ఉందని తేలడంతో యూరోపియన్ కమిషన్ అదే రోజు యూరప్ అంతటా ఖాతాల మధ్య బదిలీలు ఆపేసింది.

పోయిన సరుకును ఎవరూ ఎన్నడూ చేత్తో పట్టుకున్నది లేదు. ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిన అంకెలవి. మన దగ్గర భూమి రికార్డులో తప్పు పడితే రైతు ఏళ్ల తరబడి తిరగాల్సి రావచ్చు గానీ, చేను మాత్రం ఉన్నచోటే ఉంటుంది. గట్టు చూపించొచ్చు, పక్క చేను ఆయన్ని సాక్ష్యం పిలవొచ్చు. కాలుష్య పర్మిట్‌కు ఆ వెసులుబాటు లేదు. పుస్తకంలో ఉంటేనే అది ఉన్నట్టు. అందుకే ఎవరైనా ఈ మార్కెట్లో టన్ను ఇంత పలికింది, అంత పలికింది అని చెబుతుంటే నాకు ముందు వేరే ప్రశ్న అడగాలనిపిస్తుంది. పొగను తూస్తున్నదెవరు? పుస్తకం రాస్తున్నదెవరు?

అసలు ఏర్పాటు చిన్నదే. ఒక ప్రాంతంలోని ఫ్యాక్టరీలన్నీ కలిసి ఏడాదికి ఇన్ని టన్నుల కాలుష్యమే వదలాలని ప్రభుత్వం ఒక హద్దు గీస్తుంది. హద్దు ఎన్ని టన్నులో అన్ని పర్మిట్లు పుట్టిస్తుంది. ఏడాది చివర ప్రతి ఫ్యాక్టరీ తాను వదిలిన ప్రతి టన్నుకూ ఒక పర్మిట్ అప్పజెప్పాలి. తక్కువ ఖర్చుతో పొగ తగ్గించుకోగలిగినవాడు తగ్గించుకుని, మిగిలిన పర్మిట్లు అమ్ముకుంటాడు. పాత బాయిలర్‌తో నెట్టుకొస్తున్నవాడు కొనుక్కుంటాడు. ఎవరు కొన్నా ఎవరు అమ్మినా మొత్తం మాత్రం హద్దు దాటదు. పుస్తకం సరిగ్గా ఉన్నంతవరకు.

పెద్ద ఎత్తున దీన్ని మొదట నడిపి చూపించింది అమెరికా. అక్కడి బొగ్గు విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ వల్ల ఆమ్ల వర్షాలు కురిసి సరస్సులు, అడవులు దెబ్బతింటున్నాయని 1990లో స్వచ్ఛ వాయు చట్టాన్ని సవరించారు. 1995లో మొదటి దశ మొదలైంది, ఎక్కువ పొగ వదిలే 110 కేంద్రాలతో. 2000 నుంచి కాస్త పెద్ద కేంద్రాలన్నీ అందులోకి వచ్చాయి. చివరికి చేరాల్సిన హద్దు ఏడాదికి 89.5 లక్షల టన్నులు. (అమెరికా టన్ను మన టన్ను కంటే చిన్నది, సుమారు 907 కిలోలు.) ఒక్కో పర్మిట్ ఒక్కో టన్నుకు.

చట్టం తెచ్చినప్పుడు అందరి వాదనా ధరల మీదే, వేలంపాటల మీదే. పర్యావరణ సంస్థ ఈపీఏలో కూర్చున్న ఉద్యోగులకు మాత్రం వేరే పని పడింది. పెద్ద షావుకారు దుకాణంలో చిట్టా, ఆవర్జా ఉన్నట్టు వాళ్లు రెండు పుస్తకాలు పెట్టుకున్నారు. ఒకటి పొగ లెక్క, రెండోది పర్మిట్ల లెక్క. ఏడాదికి ఒకసారి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

పర్మిట్ల పుస్తకంలో ప్రతి పర్మిట్‌కూ ఒక సీరియల్ నంబరు, ఒక సంవత్సరం ఉంటాయి. 2003 పర్మిట్‌ను 2003 రాకముందు వాడకూడదు. వచ్చాక వాడుకోకపోతే దాచుకోవచ్చు, అది మురిగిపోదు. ఒక్కో విద్యుత్ కేంద్రానికి ఒక ఖాతా, ఆ ఖాతా తరఫున సంతకం పెట్టడానికి పేరు రాసి ఇచ్చిన ఒక ప్రతినిధి. రాబోయే 30 ఏళ్ల పర్మిట్లు కూడా ముందే ఖాతాల్లో పడి ఉంటాయి కాబట్టి ఇంకా పుట్టని ఏడాది పర్మిట్‌ను ఈ రోజే అమ్ముకోవచ్చు. మొదట్లో బదిలీలన్నీ కాగితం ఫారాల మీదే. ఫారం సరిగ్గా ఉంటే ఐదు పనిదినాల్లో ఖాతాలు మార్చాలని నిబంధన. 2001 డిసెంబర్ నుంచి ఆన్‌లైన్‌లో చేసుకోనిచ్చారు.

ఆ బదిలీ ఫారంలో లేని గడి ఒకటుంది. ధర. టన్ను ఎంతకు అమ్మారో ప్రభుత్వం అడగలేదు. మన రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ కోసం విలువ అడగకుండా ఉండరు కదా, ఇక్కడ ఆ గొడవే లేదు. ఎవరి దగ్గర నుంచి ఎవరికి, ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు, అంతే. ధర మీ ఇద్దరి సంగతి. బేరం మంచిదా చెడ్డదా అన్న పరిశీలన, ముందస్తు అనుమతి ఏదీ లేదు. నాకు బాగా నచ్చిన విషయం ఇదే. ప్రభుత్వం చూడాల్సినంత మటుకే చూసి, మిగతా దాంట్లో వేలు పెట్టకుండా ఊరుకోవడం మనకు అంత అలవాటు లేని పద్ధతి.

ఖాతా తెరవడానికి విద్యుత్ కేంద్రమే కానక్కర్లేదు. దళారులు తెరిచారు, పర్యావరణ సంఘాలు తెరిచాయి, విద్యార్థులు చందాలు వేసుకుని పర్మిట్లు కొని ఎవరూ వాడకుండా శాశ్వతంగా రద్దు చేయించారు. పుస్తకంలోంచి ఒక నంబరు పోతే గాలిలోకి వెళ్లే పొగలో ఒక టన్ను తగ్గినట్టే.

ఇక పొగ పుస్తకం. అసలు కష్టమంతా ఇందులోనే. పొగగొట్టంలో పెట్టిన యంత్రం గ్యాస్‌లో సల్ఫర్ డయాక్సైడ్ ఎంత శాతం ఉందో, గ్యాస్ ఎంత వేగంతో పోతోందో నిరంతరం కొలుస్తుంది. రెండూ కలిపితే గంటకు ఎన్ని కిలోలో తేలుతుంది. ఆ గంటల లెక్కలన్నీ మూడు నెలలకోసారి ఈపీఏకు వెళతాయి, ఎవరైనా చూసుకోవచ్చు. యంత్రం సరిగ్గా చూపిస్తోందో లేదో గాఢత ముందే తెలిసిన గ్యాస్‌తో రోజూ పరీక్షించాలి.

మరి యంత్రం చెడిపోతే? ఇక్కడే ఆ నిబంధనలు రాసినవాళ్ల తెలివి కనిపిస్తుంది. ఇంటికి తాళం ఉంటే కరెంటు మీటరు చూసే అతను సగటు బిల్లు వేసి వెళతాడు. ఈపీఏ సగటుతో సరిపెట్టలేదు. రీడింగ్ లేని గంటలకు ఒక అంకె ఊహించి వేస్తారు. యంత్రం అరుదుగా, కొద్దిసేపే ఆగితే ఆ అంకె మామూలుగానే ఉంటుంది. ఎంత ఎక్కువగా ఆగుతుంటే అంకె అంత పైకి పోతుంది, చివరికి ఆ పొగగొట్టం వదలగలిగిన గరిష్ఠం దాకా. అంటే మీటరు పనిచేయకపోతే నష్టం ఫ్యాక్టరీకే. పర్మిట్లు ఊరికే ఖర్చయిపోతాయి. దాంతో మీటరు చెడితే బాగు చేయించే తొందర ఇన్‌స్పెక్టర్ కంటే ప్లాంటు మేనేజర్‌కే ఎక్కువ. మీటరును పాడుచేసి లాభపడే దారి మూసేస్తే సగం దొంగతనం మొదలవకముందే ఆగిపోతుంది.

డిసెంబర్ 31తో ఏడాది ముగుస్తుంది. లోటున్నవాళ్లు కొనుక్కోవడానికి దాదాపు మార్చి 1 వరకు గడువు. ఆ తర్వాత ఈపీఏ ప్రతి ఖాతాలోంచి వదిలిన టన్నులకు సరిపడా పర్మిట్లు కోసేస్తుంది. ఏ నంబర్లు కోయాలో ప్రతినిధి చెప్పకపోతే ముందు వచ్చినవి ముందు పోతాయి, కిరాణా కొట్టులో పాత బస్తా ముందు విప్పినట్టు. లోటు మిగిలితే టన్నుకు 2,000 డాలర్ల జరిమానా. ఇది 1990 నాటి అంకె, ద్రవ్యోల్బణంతో పాటు ఏటా పెరుగుతుంది. అప్పట్లో పర్మిట్ ధర చాలా ఏళ్లు 100, 200 డాలర్ల దగ్గరే ఉండేది. జరిమానా కట్టేసినా బాకీ తీరదు, ఆ టన్నులు తర్వాతి ఏడాది ఖాతాలోంచి కోస్తారు. కోర్టులు, వాయిదాలు, బతిమాలుకోవడాలు ఏమీ లేవు. కట్టక తప్పదని తెలిశాక దాదాపు అందరూ లెక్క సరిచేసుకున్నారు. 1980లో 1.73 కోట్ల టన్నులున్న విద్యుత్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్ 2010 నాటికి 51 లక్షల టన్నులకు దిగింది. తక్కువ గంధకం ఉన్న పశ్చిమ రాష్ట్రాల బొగ్గు రైళ్లలో చవగ్గా రావడం కూడా ఇందుకు కారణమే, ఆ ఘనతంతా పుస్తకానికే ఇవ్వలేం.

పుస్తకం ఎంత బాగున్నా మార్కెట్‌ను కాపాడలేని సందర్భం కూడా అమెరికాలోనే వచ్చింది. 2005లో ప్రభుత్వం కొత్త నిబంధన తెచ్చి, 2010 నుంచి తూర్పు రాష్ట్రాల్లో టన్నుకు రెండేసి పర్మిట్లు ఇవ్వాలంది. ఆ ఏడాది చివరికి ధర 1,600 డాలర్ల దాకా ఎగిరింది. 2008లో కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. 2011లో వచ్చిన మరో నిబంధన పాత పర్మిట్లను పక్కనబెట్టి, కొత్త ఖాతాలు, కొత్త పర్మిట్లు అంది. 2012 వేలంలో పాత పర్మిట్ ఒక్క డాలర్ కూడా పలకలేదు. సీరియల్ నంబర్లన్నీ భద్రంగానే ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. వాటికి విలువ మాత్రం లేదు. దాచుకున్నవాళ్లు లబోదిబోమన్నా చేయగలిగింది లేదు, ఎందుకంటే పర్మిట్ ఆస్తి హక్కు కాదని 1990 చట్టంలోనే రాసి ఉంది.

యూరప్‌లో రంధ్రాలు

యూరప్ 2005లో కార్బన్ డయాక్సైడ్‌కు ఇలాంటి మార్కెట్ పెట్టింది, అమెరికా దానికంటే చాలా పెద్దది. కానీ పుస్తకాన్ని ముక్కలు చేసి దేశానికొకటి ఇచ్చింది. ఒక దేశంలో ఖాతా తెరవడానికి సవాలక్ష కాగితాలు అడిగితే, ఇంకో దేశంలో పెద్దగా ఏమీ అడగరు. దొంగలకు ఏ తలుపు తీసి ఉందో వెతుక్కుంటే చాలు.

మొదట వచ్చింది పన్ను మోసం. మన జీఎస్టీలో బోగస్ ఇన్వాయిస్ కేసులు చదివినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పక్క దేశం నుంచి వ్యాట్ లేకుండా పర్మిట్లు కొంటారు. సొంత దేశంలో వ్యాట్ కలిపి అమ్ముతారు. ఆ వ్యాట్ ప్రభుత్వానికి కట్టకుండా కంపెనీకి తాళం వేసి మాయమవుతారు. సెల్‌ఫోన్లతో ఈ ఆట ఆడాలంటే లారీలు కావాలి, గోదాములు కావాలి. పర్మిట్లకు ఒక లాప్‌టాప్ చాలు, నిమిషాల్లో సరుకు దేశం దాటుతుంది. ఇలా ప్రభుత్వాలు 500 కోట్ల యూరోలు పోగొట్టుకున్నాయని 2009 డిసెంబర్‌లో యూరప్ దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్ అంచనా వేసింది. కొన్ని దేశాల్లో జరిగిన వ్యాపారంలో 90 శాతం దాకా ఈ మోసమే అయ్యుంటుందని కూడా అంది.

తర్వాత హంగరీ. అక్కడి కంపెనీలు తమ పొగ లెక్క తీర్చడానికి ప్రభుత్వానికి అప్పజెప్పిన అంతర్జాతీయ క్రెడిట్లను (బయటి దేశాల్లో పొగ తగ్గించిన పనులకు పుట్టినవి, పర్మిట్ల బదులు చెల్లేవి), 2010లో సుమారు 20 లక్షలు, ప్రభుత్వం బయటివాళ్లకు అమ్మేసింది. దేశాల మధ్య కుదిరిన క్యోటో వాతావరణ ఒప్పందం ప్రకారం అది తప్పు కాదు, యూరప్ బయట వాడుకోవచ్చు. అవి తిరిగి తిరిగి యూరప్ మార్కెట్‌కే వచ్చాయి. గేటు దగ్గర సగం చించిన సినిమా టికెట్టును రెండో ఆటకు మళ్లీ అమ్మినట్టు. కొన్నవాళ్లకు అది వాడేసిన సరుకని చూడగానే తెలియదు. పారిస్ ఎక్స్ఛేంజీ కొన్ని రోజులు ఆ క్రెడిట్ల వ్యాపారం ఆపేయాల్సి వచ్చింది. ఒకసారి అప్పజెప్పిన పర్మిట్ పుస్తకంలో చచ్చిపోవాలి. అది ఎంత ముఖ్యమో అప్పుడుగానీ అందరికీ తెలియలేదు.

అదే ఏడాది జనవరిలో రిజిస్ట్రీ నుంచి వచ్చినట్టు నకిలీ ఈమెయిళ్లు పంపి జర్మనీలో పాస్‌వర్డ్‌లు కొట్టేశారు. నవంబర్‌లో రొమేనియాలో ఒక సిమెంట్ కంపెనీ ఖాతాలోంచి 16 లక్షల పర్మిట్లు పోయాయి. రెండు నెలలకు ప్రాగ్.

పోయిన పర్మిట్లకు సీరియల్ నంబర్లు ఉన్నాయి కదా, పట్టుకోవడం తేలికే అనుకుంటాం. తలనొప్పి అక్కడే మొదలైంది. సిమెంట్ కంపెనీ తన నంబర్లను బయటపెట్టింది. ఆలోపు అవి నాలుగైదు చేతులు మారి, నిజాయితీగా కొన్నవాళ్ల ఖాతాల్లో కూర్చున్నాయి. వాటిని వెనక్కి ఇవ్వాలా? ఒక దేశం చట్టం ఇవ్వాలంటుంది, ఇంకో దేశం చట్టం అక్కర్లేదంటుంది. దాంతో కొనబోయే ప్రతివాడూ నంబర్లు చూసుకోవడం మొదలుపెట్టాడు, అనుమానం వస్తే వెనక్కి తగ్గాడు. చేతిలోని ఐదువందల నోటు ఎప్పుడో ఎవరి ఇంట్లోంచో దొంగిలించిందేమో అని ప్రతి కిరాణా కొట్టువాడూ నంబరు రాసుకుంటే బజారు నడుస్తుందా?

యూరప్ చివరికి నోటు దారి పట్టింది. 2012లో దేశాల పుస్తకాలన్నీ కలిపి ఒకే రిజిస్ట్రీ చేశారు. పుస్తకంలో ఎవరి పేరున ఉంటే వాళ్లదే, మంచి మనసుతో కొన్నవాడి దగ్గర నుంచి లాక్కోవడం కుదరదు. నంబర్లు ఖాతాదారులకు కనిపించకుండా దాచేశారు, అధికారులకే కనిపిస్తాయి. కొత్త వాళ్లకు పంపే బదిలీ వెంటనే కాదు, కొంత ఆగాకే పూర్తవుతుంది, ఈలోపు దొంగతనమని గమనిస్తే రద్దు చేసుకోవచ్చు. మనం బ్యాంకు యాప్‌లో కొత్త పేరు చేర్చినప్పుడు వెంటనే పెద్ద మొత్తం పంపనివ్వరు చూశారా, అదే లాజిక్. అమెరికా నంబరును నమ్ముకుంది, యూరప్ నంబరును దాచి ఖాతాను నమ్ముకుంది. ఖాతాలు ముప్ఫై దేశాల్లో, చేతులు వేలల్లో ఉన్నచోట రెండోదే నయమని నా లెక్క.

సూరత్ పొగగొట్టాలు

సూరత్ తెలంగాణ నేతన్నలకు పరాయి ఊరేమీ కాదు. సిరిసిల్ల, కరీంనగర్ వైపు నుంచి ఎప్పుడో వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ మరమగ్గాల మీద బతుకుతున్నాయి. ఆ ఊళ్లో గుడ్డకు రంగులద్దే మిల్లుల బాయిలర్ల కింద బొగ్గు, లిగ్నైట్ మండుతుంటాయి. పొగగొట్టాల్లోంచి వచ్చే సన్నటి దుమ్ముకు 2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి పర్మిట్ మార్కెట్ పెట్టింది. దుమ్ము కణాల మీద ఇలాంటి మార్కెట్ మన దేశంలో ఇదే మొదటిది. 300కు పైగా ఫ్యాక్టరీలు. పర్మిట్ లెక్క టన్నుల్లో కాదు, కిలోల్లో. కిలో ధర 5 రూపాయల కంటే దిగకుండా, 100 దాటకుండా హద్దులు పెట్టారు. ముందే డిపాజిట్ కట్టించుకున్నారు కాబట్టి లెక్క తప్పితే అందులోంచే కోత.

మార్కెట్ కంటే ముందు మారాల్సింది కొలత. పాత పద్ధతిలో ఇన్‌స్పెక్టర్ ఎప్పుడో వచ్చి, గొట్టం ఎక్కి, ఘనపు మీటరు గాలిలో ఎన్ని మిల్లీగ్రాముల దుమ్ము ఉందో చూసి రాసుకునేవాడు. రోజుకు ఎనిమిది గంటలు నడిచే మిల్లైనా, ఇరవై నాలుగు గంటలు నడిచే మిల్లైనా ఆ అంకె ఒకటే కావచ్చు. ఊరి గాలిలోకి పోయింది మాత్రం మూడింతలు. కిలోల్లో పర్మిట్ ఇవ్వాలంటే నిరంతరం కొలిచే యంత్రం తప్పదు, అది బిగించి సరిచూడ్డానికే ఏళ్లు పట్టింది. ఫలితాల మీద అధ్యయనం చేసిన ఆర్థికవేత్తలు, మార్కెట్‌లో ఉన్న ఫ్యాక్టరీల దుమ్ము మిగతావాటితో పోలిస్తే 20 నుంచి 30 శాతం తక్కువని తేల్చారు. పర్మిట్ల లెక్క అప్పజెప్పడంలో దాదాపు అందరూ నిలబడ్డారు.

అదే గుజరాత్‌లో అంతకుముందు జరిగిన ఇంకో అధ్యయనం నాకు మరింత ముఖ్యంగా అనిపిస్తుంది. ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ ర్యాన్ 2013లో ప్రచురించారు. అక్కడ ఫ్యాక్టరీల కాలుష్యాన్ని బయటి ఆడిటర్లు కొలిచి రిపోర్టు ఇవ్వాలి. ఆడిటర్‌ను పెట్టుకునేది, డబ్బులిచ్చేది ఫ్యాక్టరీయే. రిపోర్టులు చూస్తే విచిత్రంగా ఎక్కువ ఫ్యాక్టరీలు చట్టం పెట్టిన హద్దుకు సరిగ్గా కాస్త కింద కూర్చున్నాయి. కొన్ని ఫ్యాక్టరీలకు ఆడిటర్లను లాటరీ తీసి కేటాయించి, ఫీజు ఒక ఉమ్మడి నిధి నుంచి ఇచ్చి, మధ్యమధ్యలో మళ్లీ కొలిచి చూసేసరికి రిపోర్టుల్లో నిజం పెరిగింది. ఆ తర్వాత పొగ కూడా తగ్గింది.

మన సిమెంట్ దాకా వస్తే

కేంద్రం 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని నోటిఫై చేసింది. నడిపేది ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ, రిజిస్ట్రీ గ్రిడ్ కంట్రోలర్ ఆఫ్ ఇండియా చేతిలో, కొనుగోళ్లు పవర్ ఎక్స్ఛేంజీల్లో. 2025 అక్టోబర్‌లో తొలి లక్ష్యాలు వచ్చిన నాలుగు రంగాల్లో సిమెంట్ ఒకటి. కడప, నంద్యాల, తాండూరు, సూర్యాపేట వైపు సున్నపురాయి ఉన్నచోటల్లా సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి ఇది ఇక దూరపు ముచ్చట కాదు.

ఇక్కడ మొత్తం టన్నులకు హద్దు లేదు. ఒక టన్ను సరుకుకు ఇంత కార్బన్ అనే నిష్పత్తే లక్ష్యం. దానికంటే తక్కువ వదిలితే, తగ్గిన ప్రతి టన్నుకూ అమ్ముకోదగ్గ ఒక క్రెడిట్ వస్తుంది. దాంతో పుస్తకంలో మూడో పద్దు వచ్చి పడుతుంది, ఉత్పత్తి. లెక్క కోసం అంకెలు ఊహించుకుందాం. ఒక ఫ్యాక్టరీ లక్ష్యం టన్నుకు 0.70 టన్నుల కార్బన్. అది 25 లక్షల టన్నుల సిమెంట్ తీసి 17 లక్షల టన్నుల కార్బన్ వదిలింది. లక్ష్యం ప్రకారం 17.5 లక్షలు వదలొచ్చు, కాబట్టి 50,000 క్రెడిట్లు వస్తాయి. నిరుడు అదే ఫ్యాక్టరీ 20 లక్షల టన్నులే తీసి 14 లక్షల టన్నుల కార్బన్‌తో ఆపి ఉంటే, ఈ ఏడు గాలిలోకి 3 లక్షల టన్నులు ఎక్కువ పోయినా క్రెడిట్లు దక్కాయన్న మాట. పెరుగుతున్న దేశంలో నిష్పత్తి పద్ధతే న్యాయం అనేవాళ్లున్నారు, ఆ వాదనలో బలం లేకపోలేదు.

నా టెన్షన్ వేరే దగ్గర. అదే ఫ్యాక్టరీ ఉత్పత్తిని ఒక్క శాతం, అంటే 25,000 టన్నులు ఎక్కువ చూపించిందనుకోండి. వదలొచ్చిన కార్బన్ 17.675 లక్షల టన్నులవుతుంది. క్రెడిట్లు 50,000 నుంచి 67,500కు పెరుగుతాయి. అంకెలో ఒక్క శాతం తేడాకు క్రెడిట్లలో 35 శాతం తేడా. అమెరికాలో పర్మిట్లు 30 ఏళ్ల ముందే పుట్టి ఖాతాల్లో పడి ఉండేవి, ఎవరూ కొత్తగా పుట్టించలేరు. ఇక్కడ ఏడాది అయిపోయాక, లెక్క చూశాకే క్రెడిట్లు పుడతాయి. ఆ లెక్క సరిచూసి సంతకం పెట్టేది గుర్తింపు పొందిన తనిఖీ ఏజెన్సీ. అనుమానం వస్తే బీఈఈ మళ్లీ తనిఖీ చేయించొచ్చు. ఆ 25,000 టన్నులు నిజంగా లారీలెక్కి గేటు దాటాయా లేదా అని మొదట చూడాల్సింది మాత్రం ఆ ఏజెన్సీయే. ఏజెన్సీని పెట్టుకునేది ఫ్యాక్టరీ, దానికి బిల్లు కట్టేదీ ఫ్యాక్టరీయే.